పొదుపు సంఘానికి నెలనెలా న్యూస్‌లెటర్: కౌంటర్ దగ్గరి ప్రశ్నలతో మొదలుపెట్టండి

ప్రశ్న: హనుమకొండ దగ్గర మహిళా పొదుపు సంఘాల సమితిలో అకౌంటెంట్‌గా చేస్తున్నాను. 11 ఊళ్లు, సుమారు 1,400 మంది సభ్యులు. పోయినేడు నాలుగు పేజీల న్యూస్‌లెటర్ రెండుసార్లు తెచ్చాం. రంగుల్లో, మంచి ఆర్ట్ పేపర్ మీద. సగం కట్టలు ఆఫీసు బీరువా మీదే ఉండిపోయాయి. ఇప్పుడు పాలకవర్గం మళ్లీ తెమ్మంటోంది. ఈసారి సభ్యులు చదివేలా ఎలా తేవాలి?

జవాబు:

నమస్తే అమ్మా. నేను వరంగల్ స్టేషన్ రోడ్డులో డీటీపీ ఆపరేటర్‌గా, అంటే కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు పెట్టే పనితో, మొదలుపెట్టాను. తర్వాత 13 ఏళ్లు ఒక పొదుపు సంఘానికి నెలపత్రిక తెచ్చాను. రాయడం, పేజీలు పెట్టించడం, ప్రెస్సు దగ్గర నిలబడటం, కట్టలు మోసుకెళ్లి పంచడం అన్నీ చేశాను. మీరు పంపిన రెండు సంచికల ఫోటోలు చూశాను. కాగితం బాగుంది, ముద్రణ బాగుంది. కానీ మొదటి పేజీలో ఏముంది? పాలకవర్గ సమావేశం ఫోటో, దాని కింద అధ్యక్షురాలి సందేశం. రెండో పేజీలో శాలువా కప్పే ఫోటోలు. పొదుపు కట్టి ఇంటికి పోయే అక్కకు అందులో తన పని ఒక్కటీ కనిపించలేదు. అందుకే కట్టలు అక్కడే ఉండిపోయాయి.

రేపే ఒక పని చేయండి. 200 పేజీల నోటుబుక్కు కొని కౌంటర్ మీద పెట్టండి. నెల రోజులపాటు సభ్యులు ఏం అడిగినా అందులో రాయండి. వాళ్ల మాటల్లోనే రాయాలి, ఆఫీసు భాషలోకి మార్చొద్దు. మేం మొదటిసారి రాసినప్పుడు వచ్చినవి ఇలా ఉన్నాయి: "మా ఆయన పేరు నామినీల నుంచి తీసి బిడ్డ పేరు పెట్టొచ్చా?" "పోయిన నెల కట్టలేదు, ఇప్పుడు రెండూ కలిపి కడితే జరిమానా పడుతదా?" "మిగతా అప్పు ఒక్కసారే కట్టేస్తే వడ్డీ తగ్గుతదా?" "మా అత్త చనిపోయింది, ఆమె పొదుపు ఎవరికిస్తరు?" నెల చివర లెక్కపెడితే ఒకే ప్రశ్న 19 సార్లు వచ్చింది. మా తర్వాతి సంచిక మొదటి పేజీ ఆ ప్రశ్నతోనే మొదలైంది. పైన పెద్ద అక్షరాల్లో ప్రశ్న, కింద జవాబు, ఏ కాగితాలు తేవాలి, ఎవరిని కలవాలి, ఎన్ని రోజులు పడుతుంది. అంతే. ఆ నెల ఒక అక్క ఆ పేజీ మడిచి పాసుబుక్కులో పెట్టుకుని కౌంటర్‌కు వచ్చింది. అప్పటివరకు మా పత్రికను చేతిలో పట్టుకుని ఆఫీసుకు వచ్చిన మనిషిని నేను చూడలేదు.

న్యూస్‌లెటర్‌లో ఏముండాలన్నది పాలకవర్గం కూర్చుని నిర్ణయించే విషయం కాదని నా గట్టి అభిప్రాయం. ఆ పని నోటుబుక్కు చేస్తుంది. పాలకవర్గానికి ఈ మాట చెప్పడం మీకు ఇబ్బందే, నాకు తెలుసు. అధ్యక్షురాలి సందేశం తీసేయమని ఎవరు చెప్తారు? నేను వేరే దారి పట్టాను. నోటుబుక్కు తీసుకెళ్లి సమావేశంలో చదివి వినిపించాను. "ఈ ప్రశ్నకు మీరే జవాబు చెప్పండి, మీ పేరుతో వేస్తాను" అన్నాను. మా అధ్యక్షురాలు పది నిమిషాలు మాట్లాడింది, నేను రాసుకున్నాను. అదే ఆమె సందేశమైంది. సభ్యులకు పనికొచ్చింది, ఆమెకూ సంతోషం కలిగింది.

ఇప్పుడు రాసే తీరు. మనవాళ్లు ప్రెస్‌నోట్ భాషకు అలవాటు పడ్డారు. మాకు ఒక ఊరి నుంచి వచ్చిన వార్త ఇది: "సంఘ అధ్యక్షురాలి అధ్యక్షతన సర్వసభ్య సమావేశం ఘనంగా నిర్వహించబడినది. ఈ సందర్భంగా పలువురు వక్తలు మాట్లాడుతూ పొదుపు ఆవశ్యకతను వివరించారు. అనంతరం అప్పు పరిమితి పెంపుదలపై తీర్మానం ఆమోదించబడినది." సభ్యురాలికి కావాల్సిన వార్త చివరి వాక్యంలో ఉంది, అదీ సగమే. ఆ ఊరి గుమాస్తాకు ఫోన్ చేసి అడిగి ఇలా మార్చాను: "వచ్చే నెల నుంచి మీ పొదుపుకు మూడింతలు అప్పు తీసుకోవచ్చు. ఇప్పటిదాకా రెండింతలే ఇచ్చేవాళ్లం. 10,000 పొదుపు ఉన్న అక్కకు ఇకపై 30,000 దాకా వస్తుంది. పాత అప్పు సగమైనా తీరి ఉండాలి." ఘనంగా, పలువురు, ఈ సందర్భంగా, నిర్వహించబడినది లాంటి మాటలు ఎక్కడ కనిపించినా కొట్టేయండి. వార్తకు ఏ నష్టమూ రాదు. వాక్యంలో ఎవరు ఏం చేశారో ఉండాలి, డబ్బు సంగతి అయితే అంకె ఉండాలి, తేదీ ఉండాలి.

భాషలో మన మాటే వాడండి. రబీ అని రాయకండి, యాసంగి అనండి. ఖరీఫ్ కాదు, వానాకాలం. మా పత్రికలో సభ్యుల అనుభవాల శీర్షికకు 'ముచ్చట' అని పేరు పెట్టాక రాసి ఇచ్చేవాళ్లు పెరిగారు. మొత్తం యాసలోనే రాయాలని అనను. నియమాలు, లెక్కలు మామూలు తెలుగులో ఉంటేనే స్పష్టంగా ఉంటాయి. కానీ అక్క చెప్పిన మాట అక్క చెప్పినట్టే రావాలి. "మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు పట్టుకపోతే తేమ ఎక్కువున్నదని రేటు తగ్గించిన్రు, ఆ నెల కిస్తీ సంఘం ఆగింది కాబట్టి బతికినం" అని ఒకామె చెప్పింది. దాన్ని గ్రాంథికం చేస్తే ఆమె మనిషే కనిపించదు.

పేర్లు వేయండి. ఎంత చోటు పట్టినా వేయండి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు కదా. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులను ఒక్కచోట అచ్చు వేసి చూపించారు. అచ్చులో పేరు పడితే ఎంత బలమో అందులో తెలుస్తుంది. మా పత్రికలో ప్రతి నెలా ఒక ఊరు తీసుకుని, ఆ ఏడాది ఒక్క నెల కూడా తప్పకుండా పొదుపు కట్టిన అందరి పేర్లూ వేసేవాళ్లం. ఇంటిపేరుతో సహా, చిన్న అక్షరాల్లో కాకుండా. ఆ ఊరికి 20 కాపీలు అదనంగా అడిగేవాళ్లు.

అయితే ఏ పేర్లు వేయకూడదో కూడా ముందే తేల్చుకోండి. కిస్తీ కట్టనివాళ్ల జాబితా వేద్దామని పాలకవర్గంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. ఊళ్లో ఒక కుటుంబం పరువు తీసిన కాగితాన్ని ఇంకెవరూ ఇంట్లో పెట్టుకోరు. ఆ అప్పు వసూలు కావడం మాట అటుంచి, ఆమె సంఘానికి రావడమే మానేస్తుంది. ఎవరి అప్పు ఎంత, ఎవరింట్లో జబ్బు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు పత్రికలోకి రాకూడదు. ఫోటో వేసేముందు ఒక మాట అడగాలి. పిల్లల ఫోటో అయితే తల్లిదండ్రులను అడగాలి. మేం ఒక చిన్న కాగితం మీద సంతకం కూడా తీసుకునేవాళ్లం.

ఇక కాగితం, ముద్రణ. ఏ3 కాగితం ఒకటి మధ్యలో మడిస్తే ఏ4 సైజు నాలుగు పేజీలు వస్తాయి. పిన్ను అక్కర్లేదు, కోత అక్కర్లేదు. నెలనెలా తెచ్చేవాళ్లకు ఇంతకంటే మంచి సైజు లేదు. మ్యాటర్ ఎక్కువైందని ఐదో పేజీ కావాలనుకుంటే కుదరదు, ఎనిమిదికి పోవాలి. కాబట్టి మ్యాటర్‌నే తగ్గించండి. ఆర్ట్ పేపర్ వదిలేయండి, ట్యూబ్‌లైట్ వెలుతురులో మెరుస్తుంది, పెద్దవాళ్లకు అక్షరం కనబడదు, పెన్నుతో రాస్తే చెరిగిపోతుంది. 80 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని మామూలు తెల్ల కాగితం చాలు. రంగులు కూడా నెలనెలా అవసరం లేదు. నాలుగు రంగులంటే ప్రతి వైపుకూ నాలుగు ప్లేట్లు (అచ్చు వేసే రేకులు), ఒకే రంగు అంటే ఒక్క ప్లేటు. ఆఫ్‌సెట్‌లో, అంటే ఇలా ప్లేట్లతో వేసే అచ్చులో, ప్లేట్లు, మిషన్ సెట్ చేయడం ఖర్చు 200 కాపీలకైనా 2,000 కాపీలకైనా ఒకటే. మీకు 1,400 కాబట్టి ఆఫ్‌సెట్ బాగా కిట్టుబాటు అవుతుంది. నలుపుకు బదులు ముదురు నీలం ఒక్క రంగులో వేయించినా పత్రికకు ఒక ముఖం వస్తుంది. మిగిలిన డబ్బు ఏడాదికి ఒకసారి, సర్వసభ్య సమావేశం సంచికకు రంగులు వేయించడానికి ఉంచండి.

అక్షరం సైజు గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను దీన్ని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. నాలుగేళ్లు 11 పాయింట్లలో వేశాం. కంప్యూటర్ స్క్రీన్ మీద చక్కగా కనిపించేది. ఒకరోజు వరంగల్ కొత్తవాడలో ఒక సభ్యురాలి ఇంటికి వెళ్లాను. దర్రీలు నేసే ఇల్లు. ఆమె మగ్గం గుంతలో నుంచి లేచి వచ్చి, నేనిచ్చిన పత్రికను తలుపు దగ్గరికి తీసుకెళ్లి, చేయి పూర్తిగా చాచి పట్టుకుంది. కళ్లు చిట్లించి మొదటి హెడ్డింగ్ చదివింది. తర్వాత దాన్ని మడిచి "మనవడు వచ్చినంక చదివించుకుంట సార్" అంది. రోజంతా దారాల మధ్య పనిచేసే కళ్లు అవి. ఆ మరుసటి నెల నుంచి 13 పాయింట్లకు మార్చాం.

తెలుగుకు వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిష్ కంటే ఎక్కువ కావాలి. పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి 13 పాయింట్ల అక్షరానికి 18, 19 పాయింట్ల లైన్ స్పేసింగ్ పెట్టించండి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. ఏ4 పేజీకి రెండు కాలమ్‌లు మాత్రమే. మూడు పెడితే మన మాటలు పొడుగు కాబట్టి ఒక వరుసలో రెండు మాటలు పట్టి మధ్యలో పెద్ద పెద్ద సందులు వస్తాయి. రెండు వైపులా సమానంగా లాగే జస్టిఫై కూడా వద్దు, ఎడమవైపు సరిగ్గా ఉంటే చాలు. పేరాలకు పేరాలు బోల్డ్ చేయించకండి, తెలుగు అక్షరాల్లోని గుండ్రాలు పూడిపోతాయి. ఇవన్నీ పాటిస్తే పేజీకి 300 మాటలకు మించి పట్టవు. నాలుగు పేజీల్లో ఫోటోలు, పట్టికలు పోగా మీరు రాయాల్సింది 800, 900 మాటలు. నెలకు అంత రాయడం ఒక మనిషికి సాధ్యమే.

ఫాంట్ల విషయం మొదటే తేల్చుకోకపోతే ప్రతి నెలా టెన్షన్. మన దగ్గర చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి. అందులో టైప్ చేసిన మ్యాటర్ తీసుకెళ్లి వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. అందుకే మీరు అంతా యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో మామూలుగా టైప్ చేసినట్టే టైప్ చేసి దాచుకోండి. అదే అసలు ప్రతి. ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉన్న షాపు దొరికితే యూనికోడ్‌లోనే పేజీలు పెట్టించండి. ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేయమని ఆపరేటర్‌కు చెప్పండి, సర్దుకుంటుంది. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పాత షాపుకే వెళ్లాల్సి వస్తే వాళ్లు కన్వర్టర్‌లో వేసి అను ఫాంట్‌లోకి మారుస్తారు. అప్పుడు ఒత్తులు, 'క్ష', అంకెలు ఒక్కొక్కటీ మళ్లీ చూడాలి.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే నాలుగంగుళాల వెడల్పు ఫోటోకు 1,200 పిక్సెళ్లు ఉండాలి. మ్యాప్‌లిథో సిరాను పీల్చుకుంటుంది, ముఖాలు నల్లబడతాయి. కాబట్టి ఫోటోలను కొంచెం తెల్లగా చేయించండి. వరుసగా నిలబడిన 15 మంది ఫోటో కంటే, ఒక్క అక్క తన కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న ఫోటో ఎప్పుడూ మేలు.

ప్రూఫ్ దగ్గర, అంటే అచ్చుకు ముందు తప్పులు చూసే దగ్గర, బద్ధకించకండి. మా పత్రికలో ఒకసారి కిస్తీ గడువు 10వ తేదీ అని ఉండాల్సింది 16 అని పడింది. తప్పు నాదే. స్క్రీన్ మీద చూసి ఓకే అన్నాను, ప్రింట్ తీయించలేదు. 27 మంది అక్కలు పత్రికను నమ్మి 16న వచ్చారు. అప్పటికే కంప్యూటర్ అందరికీ జరిమానా వేసింది. ఒకామె కూలి పని మానుకుని వచ్చింది. కౌంటర్ దగ్గర ఆ కాగితం తీసి నా ముందు పెట్టి, ఆ అంకె మీద వేలు పెట్టి చూపించింది. ఆమెతో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. 27 మందికీ జరిమానా తిరిగి ఇచ్చాం. తర్వాతి సంచికలో మొదటి పేజీలో పైనే పెట్టెకట్టి సవరణ వేశాం, ఎక్కడో నాలుగో పేజీ మూల కాదు. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రింట్ తీసిన కాగితం మీదే ప్రూఫ్ చూడాలి. అంకెలు, తేదీలు ఇద్దరు కలిసి చూడాలి. ఒకరు అసలు రిజిస్టర్ పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫ్‌లో ఆ అంకె కింద ఎర్ర గీత పెట్టాలి. గీత పడని అంకె ఒక్కటి మిగిలినా ప్రెస్సుకు పోవద్దు. మీరు అకౌంటెంట్ కాబట్టి ఈ పని మీకు నాకంటే బాగా వస్తుంది.

పంచడం గురించి పెద్దగా దిగులు పడకండి. పొదుపు సంఘానికి ఉన్న అదృష్టం ఏంటంటే ప్రతి ఊళ్లో ప్రతి నెలా ఒక తేదీన సభ్యులు వాళ్లంతట వాళ్లే వస్తారు. పత్రిక ఆ రోజుకు అక్కడ ఉండాలి. పాసుబుక్కులో ముద్ర వేసి, అందులోనే పత్రిక పెట్టి ఇవ్వాలి. టేబుల్ మీద కట్ట పెడితే ఎవరూ తీసుకోరు. మీ 11 ఊళ్లలో మొట్టమొదటి పొదుపు తేదీ చూసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. కట్టలు రెండు రోజుల ముందు చేరాలి, ప్రెస్సుకు మూడు రోజులు, ప్రూఫులకు రెండు, డీటీపీకి రెండు, రాయడానికి వారం. పెళ్లిళ్ల సీజన్లో ప్రెస్సుల్లో శుభలేఖలే ముందు పోతాయి, బతుకమ్మ, దసరా రోజుల్లో మనుషులు దొరకరు. ఆ నెలల్లో ఇంకో నాలుగు రోజులు ముందు జరగండి. నెలనెలా కుదరదనిపిస్తే రెండు నెలలకు ఒకటి అని ఇప్పుడే ప్రకటించండి. చెప్పిన రోజుకు రాకపోతే సభ్యులు ఎదురుచూడటం మానేస్తారు, మళ్లీ అలవాటు చేయడం చాలా కష్టం.

చదవడం రానివాళ్ల కోసం రెండు పనులు చేయండి. పొదుపు రోజున అందరూ కూర్చున్నప్పుడు మొదటి పేజీని ఎవరైనా ఒక సభ్యురాలు పైకి చదవాలి, ఐదు నిమిషాలు. మీరు చదవొద్దు, ఆ ఊరి ఆడబిడ్డతోనే చదివించండి. రెండోది, అదే పేజీని మూడు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. నాలుగు పేజీల పీడీఎఫ్ గ్రూపులో వేస్తే ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. దాని బదులు మొదటి పేజీ ప్రశ్న, జవాబు మామూలు మెసేజ్‌గా పెట్టండి. యూనికోడ్‌లో దాచుకోమన్నది దీనికి కూడా. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడాలనుకుంటే ఒక లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. కాబట్టి ఊరికో గ్రూపే మేలు.

ప్రకటనల డబ్బుతో ఖర్చు రాబట్టొచ్చు. విత్తనాల షాపు, బట్టల షాపు, కళ్లద్దాల షాపు అయితే తీసుకోండి, నాలుగో పేజీ కింది సగం దాటకుండా. వడ్డీ వ్యాపారం చేసే ఫైనాన్సులు, చిట్టీల వాళ్లు ఎంతిస్తామన్నా వద్దు. సంఘం పత్రికలో కనిపించిందంటే సంఘం హామీ ఇచ్చినట్టే అక్కలు అనుకుంటారు.

మార్చి 31తో లెక్కలు ముగిశాక వచ్చే సంచికలో ఒక పేజీ పూర్తిగా లెక్కలకు ఇవ్వండి. బ్యాలెన్స్ షీట్ ఉన్నదున్నట్టు వేస్తే ఎవరికీ అర్థం కాదు. "మన సంఘంలో 100 రూపాయలున్నాయనుకోండి. అందులో ఇన్ని సభ్యుల దగ్గర అప్పుగా ఉన్నాయి, ఇన్ని బ్యాంకులో ఉన్నాయి, ఇన్ని చేతిలో ఉన్నాయి" అని మొదలుపెట్టండి. ఖర్చులు కూడా అలాగే, జీతాలు, అద్దె, ఈ పత్రిక ఖర్చుతో సహా. పక్కనే అసలు అంకెల పట్టిక వేయండి. మా దగ్గర ఈ పేజీ వచ్చిన ఏడాది సర్వసభ్య సమావేశంలో సభ్యులు లేచి ప్రశ్నలు అడిగారు. పాలకవర్గానికి కొంచెం చెమటలు పట్టాయి, కానీ ఆ సమావేశం అంత బాగా ఎప్పుడూ జరగలేదు.

ఎవరైనా చదువుతున్నారా అని తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. "చదివారా అక్కా" అని అడిగితే అందరూ చదివామనే అంటారు. కౌంటర్ నోటుబుక్కునే చూడండి. మొదటి పేజీలో జవాబు వేసిన ప్రశ్న మరుసటి నెల ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. 19 సార్లు వచ్చిన మా ప్రశ్న తర్వాతి నెల ఏడుసార్లు వచ్చింది. అందులో ముగ్గురు "పేపర్‌లో ఇట్ల వేసిన్రు కదా, నా సంగతి వేరే" అంటూ మొదలుపెట్టారు. చదివినవాళ్లు అడిగే ప్రశ్న అలా ఉంటుంది.

చిన్న చోట ఇదంతా జరిగే పనేనా అని మీకు సందేహం ఉంటే, మానుకోట (మహబూబాబాద్) దగ్గరి ఇనుగుర్తిని గుర్తు చేసుకోండి. 1922లో ఒద్దిరాజు సోదరులు ఆ ఊళ్లోనే ప్రెస్సు పెట్టుకుని తెనుగు పత్రిక అని వారపత్రిక నడిపారు. నిజాం కాలం, ప్రభుత్వ కచేరీల్లో అంతా ఉర్దూ. అక్షరాలు ఒక్కొక్కటి చేత్తో పేర్చాల్సిన రోజులవి.

మీరు మొదట చేయాల్సింది డమ్మీ. ఏ3 కాగితం మడిచి, పేజీ నంబర్లు వేసి, ఏది ఎక్కడో పెన్సిల్‌తో గీయండి. మొదటి పేజీ పై సగం ఖాళీగా వదిలేయండి. నెల తర్వాత నోటుబుక్కులో ఏ ప్రశ్న ఎక్కువసార్లు వచ్చిందో దాన్ని అక్కడ రాయండి. డీటీపీకి ఇచ్చే ముందు ఆ జవాబును సంఘంలో లేని ఒక పక్కింటామెకు చదివి వినిపించండి. ఆమె మధ్యలో ఆపి "అంటే?" అని అడిగిన చోటల్లా మళ్లీ రాయండి. ఆ తర్వాత నాకు పంపండి, అంకెలు కూడా ఒకసారి చూసి పెడతాను.